ఆసు ఎవరికొచ్చింది

ఆసు మళ్ళీ భాగ్యమ్మకే వచ్చింది. కళావరు ఆసు. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చెడిపోయిన పండుని చూసినట్టు ఒకసారి చూసి, హెయిర్‌నెట్ సర్దుకుంది. ముందు రోజు ఇస్పేటు ఆసు. అంతకు ముందు ఏదొచ్చిందో వరసలో ఆమెకి కాస్త ముందు నిలబడే నిరుపమకి తెలియదు గానీ, అది కూడా ఆసే అయ్యుంటుందని భాగ్యమ్మ మొహం చూస్తే ఎవరైనా చెప్పేస్తారు.

టౌరంగా ఊరి చివర ఆ కివీ పళ్ళ ప్యాక్‌హౌస్‌లో పొద్దున్నే పని పంచేది పేకముక్కలతో. అది రెండో లైన్ సూపర్‌వైజర్ దామోదర్ పెట్టిన పద్ధతి. లైన్‌లో ఎంతమందో అన్ని ముక్కలు. బొమ్మ ముక్క వస్తే గ్రేడింగ్ టేబుల్ దగ్గర ఎత్తు స్టూలు మీద కూర్చుని, బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చే పళ్ళలో మచ్చలున్నవి ఏరేయాలి. అంకె ముక్క వస్తే పళ్ళని ట్రేలలో సర్దాలి. ఆసు వస్తే స్టాకింగ్. నిండిన పెట్టెల్ని బెల్టు చివర ఎత్తి, పాలెట్ అనే చెక్క పీట మీద తల ఎత్తుదాకా పేర్చాలి. సాయంత్రం దాకా ఆ పని చేసిన మనిషి వ్యాను తలుపు కూడా తనంతట తాను లాక్కోలేదు.

పోయిన సీజన్‌లో ఎవరికి ఏ పనన్నది సూపర్‌వైజర్ ఇష్టం. రోజూ గొడవే. దామోదర్ వచ్చి పేక తీశాక గొడవలు ఆగిపోయాయి. "నాకు ఎవరూ చుట్టం గాదు, ఎవరి మీద పగ లేదు. ముక్క ఏది జెప్తే అది," అంటాడు. ఆ మాటకి ఆఫీసులో వాళ్ళు పడిపోయారు. పడిపోరూ మరి? గొడవ పెట్టుకోవడానికి ఎదురుగా ఒక మనిషుండాలి. పేకముక్కతో ఎవరు తగువు పడతారు?

స్మోకోకి, అంటే పొద్దుటి టీ విరామానికి, భాగ్యమ్మ బెంచీ చివర కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పబోయి ఆగిపోయింది. కుడిచేతి మణికట్టుకి పాత చున్నీ గుడ్డ చుట్టుకుంది. పైన రబ్బరు గ్లవ్ వేసుకుంటే ఎవరికీ కనబడదు. నిరుపమ ఫ్లాస్కు అందుకుని మూత తీసిచ్చింది.

"మల్ల నాకే వచ్చింది బిడ్డా."

"అలా వస్తుంటాయి ఆంటీ."

"రోజూ నాకే ఎందుకొస్తయ్? ఆ ముక్కలకు నా పేరు ఎరుకనా?"

నిరుపమ నవ్వింది. ఈ ప్రశ్నకి జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. బుధవారం బుధవారం క్లబ్బులో పోకర్ లీగ్ ఆడుతుంది. డబ్బుకి కాదు, పాయింట్లకి. అక్కడ ఆమెకి మంచి పేరు, చెత్త ముక్కలొచ్చినా మొహం చిట్లించదని.

"ముక్కలకి ఏదీ గుర్తుండదు ఆంటీ. పంచిన ప్రతిసారీ అది కొత్త ఆటే. నిన్న ఆసు వచ్చింది కాబట్టి ఇవాళ రాకూడదనీ లేదు, ఇవాళ వచ్చింది కాబట్టి రేపు తప్పుతుందనీ లేదు. రూపాయి బిళ్ళ ఎగరేస్తే వరసగా బొమ్మే పడొచ్చు. మనకి వింతగా ఉంటుంది గానీ బిళ్ళకి అందులో వింతేం లేదు."

భాగ్యమ్మ చాయ్ ఊదుకుంటూ విన్నది. చదువుకున్న పిల్ల చెబుతోంది కాబట్టి మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక మెల్లగా అంది. "దామోదర్ ఏమో శని అంటుండు."

"ఏంటి?"

"నాకు శని నడుస్తున్నదట. శనివారం నువ్వుల నూనె దీపం పెట్టక్కా, నీకు ఈ ఆసులు తప్పుతయ్ అన్నడు. పెడుతున్న. ఇంట్ల పెడితే స్మోక్ అలారం మొత్తుకుంటదని బాల్కనీల పెడుతున్న. గాలికి ఆరిపోతది, మల్ల ముట్టిస్త. మీ అంకుల్ నవ్వుతడు."

నిరుపమకి ఒళ్ళు మండింది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చేసి, ఇక్కడికొచ్చి ఇంకో డిగ్రీ చేసిన మనిషి దామోదర్, అరవై దగ్గర పడుతున్న ఆవిడకి చెప్పే మాటా ఇది? "శనీ లేదు, గినీ లేదు ఆంటీ. ఆ దీపాలు మానేయండి. ఉత్త యాదృచ్ఛికం. అంతే," అంది. అలా అన్నందుకు తనకి తాను కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

"సరే బిడ్డా."

"చెయ్యి డాక్టర్‌కి చూపించారా?"

"సూపెడితే ఎత్తొద్దంటడు. ఎత్తొద్దంటే ఇంటికి పొమ్మంటరు. దామోదర్ ముందే జెప్పిండు, ఎత్తలేనోళ్ళకు ఈడ పని లేదని." భాగ్యమ్మ గుడ్డ ముడి పంటితో బిగించుకుంది. భర్త శ్రీపతి నడిపిన డెయిరీ, అంటే వీధి చివర చిల్లర కొట్టు, మూతపడ్డాక ఆ ఇంట్లోకి జీతమంటూ వచ్చేది ఆమెదే. సీజన్ చివరిదాకా ఆ చెయ్యి నిలబడాలి. ఆమె అడిగేది అంతే.

గంట మోగింది. భాగ్యమ్మ బెల్టు చివరికి నడిచింది. నిరుపమ తన చోటుకి వెళ్ళి ట్రేలలో పళ్ళు సర్దడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమెకి డైమండు తొమ్మిది వచ్చింది.

*

ఆ సాయంత్రం క్లబ్బులో గ్రాహం అనే రిటైర్డ్ ప్లంబరు బల్ల గుద్దాడు. చేతిలో ఆసుల జత పెట్టుకుని మూడోసారి ఓడిపోయాడు. చివరి ముక్క తిరగేసేదాకా ఆయనదే గెలుపు. చివరి ముక్క ఎదుటివాడికి పనికొచ్చింది.

"ఈసారి ఆసులొస్తే ఓడిపోయే సమస్యే లేదు. నాకు రావలసిన గెలుపు బాకీ ఉంది," అన్నాడు ఇంగ్లీషులో, బల్ల చుట్టూ అందరినీ సాక్ష్యం పెట్టుకుంటున్నట్టు.

"ఎవరూ ఎవరికీ బాకీ లేరు గ్రాహం," అంది నిరుపమ. "ఆసుల జత ఎప్పుడూ గెలుస్తుందని రూలు లేదు. ఎక్కువసార్లు గెలుస్తుంది, అంతే. ఈ మూడూ అయిపోయాయి. నాలుగోదానికి వీటి సంగతి తెలియదు."

ఆయన గొణుక్కుంటూ ముక్కలు పోగేశాడు. పంచే వంతు ఆయనదే. కోపంలో ఉన్నాడేమో, పేకని బల్ల మీద ఒకసారి తట్టి, సగం తీసి కింద పెట్టి, నేరుగా పంచబోయాడు. బల్లకి అధికారిలా కూర్చునే ఐరిస్ అనే పెద్దావిడ ఆయన మణికట్టు పట్టుకుని ఆపేసింది.

"కలుపు."

"కట్ చేశాను కదా."

"కట్ చేస్తే కలిపినట్టు కాదు. పక్కపక్కన ఉన్న ముక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఇది కొత్త ఆట కాదు, ఇందాకటి ఆటే మళ్ళీ పంచుతున్నావు."

అందరూ నవ్వారు. గ్రాహం పేకని రెండు సగాలు చేసి, అంచులు వంచి జరజరా కలిపాడు. నిరుపమ నవ్వలేదు. తన ముందుకొచ్చిన రెండు ముక్కలూ ఎత్తి చూసుకోలేదు కూడా. దామోదర్ చేతులు కళ్ళముందు ఆడుతున్నాయి. పై సగం తీసి కింద పెడతాడు. మళ్ళీ పై సగం తీసి కింద పెడతాడు. అదీ ఒక దర్జాతో, చిటికె వేసినట్టు. ఆ తర్వాత పంచుతాడు.

ఇన్నాళ్ళుగా చూస్తోంది. రోజూ చూస్తోంది. అది కలపడం కాదని ఒక్కరోజు తట్టలేదు.

*

మర్నాడు పొద్దున్న ఆమె తన ముక్క చూసుకోలేదు. అందరి ముక్కలూ చూసింది.

రెండు వ్యాన్ల వాళ్ళూ దిగిన వరసలోనే వచ్చి నిలబడ్డారు. ఎవరూ నిలబడమనలేదు. కానీ క్లాసులో మొదటి రోజు ఏ బెంచీ మీద కూర్చుంటే ఏడాదంతా ఆ బెంచీయే మనదనుకుంటాం కదా, ఇదీ అంతే. నిరుపమ ముందు మెలే అనే టోంగా అమ్మాయి, వెనక గుర్‌మీత్ అనే పంజాబీ పెద్దాయన, ఆయన వెనక ఇంకొందరు, చిట్టచివర వెల్కమ్ బే అనే పేట నుంచి రెండో వ్యానులో వచ్చేవాళ్ళు. వాళ్ళ మధ్యలో భాగ్యమ్మ.

దామోదర్ పసుప్పచ్చ జాకెట్ జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన పేక తీశాడు. సగం కిందికి. మళ్ళీ సగం కిందికి. మధ్యకి కోసి మార్చి, మళ్ళీ మధ్యకి కోసి మారిస్తే ఎక్కడ మొదలైందో అక్కడికే వస్తుంది. మహా అయితే ఒక ముక్క అటో ఇటో జరుగుతుంది.

ఈసారి నిరుపమకి ఇస్పేటు రాణి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే గుర్‌మీత్ చేతిలో డైమండు తొమ్మిది ఉంది.

"నిన్న నీకేం వచ్చింది?" అని మెలేని అడిగింది.

"ఇస్పేటు రాణి. నాకెప్పుడూ బొమ్మలే వస్తాయి. మా అమ్మమ్మ అనేది, నేను అదృష్టం మూటగట్టుకుని పుట్టానట," అని మెలే పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. పాపం ఆ పిల్ల తప్పేముంది?

నిన్న రాణి మెలేకి, దాని తర్వాత తొమ్మిది నిరుపమకి. ఇవాళ రాణి నిరుపమకి, దాని తర్వాత తొమ్మిది గుర్‌మీత్‌కి. ఒక్క ముక్క జరిగింది. ఇంకేం మారలేదు. నిరుపమ వరస చివరిదాకా మెడ చాపి చూసింది. వెల్కమ్ బే వాళ్ళ చేతుల్లో ఆసు, ఆసు, ఆసు, ఆసు. నాలుగూ ఒకదాని పక్కన ఒకటి, అన్నదమ్ముల్లా. మధ్యలో ఉన్న మనిషికి ఒక ముక్క అటు జరిగినా ఆసే, ఇటు జరిగినా ఆసే.

హాల్లోకి వెళ్తూ ఒక్కొక్కరూ తమ ముక్కని తలుపు పక్క బల్ల మీద బొమ్మ పైకి కనబడేలా పెడుతున్నారు. ఒకదాని మీద ఒకటి, అదే వరసలో. చివరి మనిషి పెట్టాక దామోదర్ ఆ దొంతరని ఒక్కసారి బోర్లా తిప్పి, రబ్బరు బ్యాండు వేసి, జేబులో పెట్టుకున్నాడు. మొదటి మనిషి ముక్క మళ్ళీ పైకొచ్చింది. కొత్త పేక విప్పిన రోజున ఆసులు నాలుగూ ఏరి అడుగున పెట్టుంటాడు. అవి ఆ అడుగునే ఉన్నాయి. సీజనంతా.

గ్రేడింగ్ స్టూలు మీద కూర్చుని నిరుపమ పళ్ళు ఏరుతుంటే మచ్చలున్నవి కూడా ముందు నుంచే దొర్లిపోయాయి. దామోదర్ మీద కోపం సరే. దాన్ని మించి ఇంకో కోపం, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు. ముక్కలకి గుర్తుండదట! కలిపిన ముక్కలకి గుర్తుండదు. ఆ ఒక్కమాట మింగేసి మిగతాదంతా పాఠంలా చెప్పింది. నిన్నటి ముక్క చూడక్కర్లేదన్న తెలివే ఆమెని నిన్నటి ముక్క చూడనివ్వలేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర భాగ్యమ్మకి అంతా చెప్పింది. కాగితం నాప్కిన్లు నాలుగు మడిచి, వాటిని ఆసులనుకోమని, కోసి కోసి చూపించింది. ఎన్నిసార్లు కోసినా నాలుగూ కలిసే ఉన్నాయి.

భాగ్యమ్మ చపాతీ తుంపి, ఎడమ చేత్తో నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది. "అంటే గవి నా తానకే వస్తయన్నట్టు."

"మీరు నిలబడే చోటుకి వస్తాయి ఆంటీ."

"నువ్వు జెప్తివి గద, ముక్కలకు గుర్తుండదని."

"చెప్పాను."

"ఆయన శని అన్నడు. నువ్వు ఇంకేందో అన్నవు. నేను ఇద్దర్ని నమ్మిన." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నిరుపమకి కాస్త తేలిగ్గా ఉండేది. శనైనా, యాదృచ్ఛికమైనా ఆమెకి చెప్పిన మాట ఒకటే. ఎవర్నీ అడక్కు, మోసుకుపో.

"రేపు నేను ముందట నిలబడితే అయిపాయె గద?" అంది భాగ్యమ్మ.

"మీకు తప్పుతుంది. మీ చోట్లో ఎవరు నిలబడితే వాళ్ళకొస్తుంది."

భాగ్యమ్మ ఎదురు బెంచీ మీద నడుం పట్టుకుని వాలిపోయి ఉన్న తన వ్యాను వాళ్ళని చూసింది. "అయితే వద్దు తియ్," అని టిఫిన్ డబ్బా మూత పెట్టింది.

*

శుక్రవారం పొద్దున్న దామోదర్ పేక తీసి మొదటి కోత కోయగానే నిరుపమ వరసలోంచి బయటికొచ్చింది.

"దామోదర్ గారూ, ఒక్క నిమిషం. ఇవాళ కలిపి పంచండి."

"కలుపుతనే ఉన్న కద?"

"అది కలపడం కాదు. మధ్యకి రెండుసార్లు కోస్తే మొదటికే వస్తుంది. ఆసులు నాలుగూ అడుగునే ఉన్నాయి. ఎప్పట్నుంచో ఉన్నాయి."

వరస వరసంతా వాళ్ళ వైపు తిరిగింది. తెలుగు తెలియనివాళ్ళకి కూడా అది తగువని అర్థమైంది. దామోదర్ నవ్వుతూనే ఉన్నాడు గానీ, కళ్ళు మాత్రం చప్పున పేక అడుగుకి వెళ్ళి వచ్చాయి. ఆ చూపు నిరుపమ పట్టుకుంది. తెలియక చేసినవాడు అడుగు వంక చూడడు.

"మీకు తెలుసు," అంది.

"ఏం తెలుసు? నేను ఎవరికీ కావాలని ఇయ్యలే. అదట్ల వచ్చింది. ఒకసారి వచ్చినంక లైన్ స్పీడ్ మంచిగున్నది. గ్రేడింగ్‌ల చెయ్యి తిరిగినోళ్ళే కూసుంటున్నరు. దినాం మనుషుల్ని మారిస్తే టార్గెట్ ఎవరు కొడతరు? ఆఫీసుల జవాబు జెప్పాల్సింది నేను, నువ్వు గాదు."

"మరి ఆ మాటే చెప్పి స్టాకింగ్‌కి పంపించాల్సింది. మా స్పీడు కోసం నీ చెయ్యి పోయినా ఫర్వాలేదక్కా అని మొహం మీద చెప్పాల్సింది. శని నడుస్తోందని దీపాలు పెట్టిస్తారా? సిగ్గులేదూ మీకు?"

దామోదర్ మొహంలో నవ్వు పోయింది. చుట్టూ చూశాడు. గాజు తలుపు అవతల ఆఫీసు మనిషెవరో కాఫీ కప్పుతో ఆగి ఇటే చూస్తున్నాడు. దామోదర్ పేకని నిరుపమ చేతిలో పెట్టాడు. "ఇగో. నువ్వే కలుపు. నువ్వే పంచు. ఎవరికి ఏదొస్తే అదే. మల్ల మాట్లాడొద్దు."

నిరుపమ బల్ల మీద పేకని రెండు సగాలు చేసింది. బొటనవేళ్ళతో అంచులు వంచి, జరజరమని ఒకదాంట్లోకి ఒకటి దించింది. మళ్ళీ విడగొట్టింది, మళ్ళీ దించింది. వరసలో వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఎవరో ఈల వేశారు. ఇక చాలని ఎవరైనా అనేదాకా కాదు, తనకి చాలనిపించేదాకా కలిపింది. ఈ పేక ఇప్పుడు ఎవరినీ ఎరగదు. ఆ సంగతి ఆమె ప్రమాణం చేసి చెప్పగలదు.

పంచుతూ వెళ్ళింది. మొదట్లోనే ఎవరికో ఒక ఆసు. తర్వాత మెలేకి ఇంకో ఆసు. ఆ పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసి, "నాకా?" అంది, వేరే వాళ్ళ ఉత్తరం తన ఇంటికొచ్చినట్టు. నిరుపమ తన చోటు దగ్గర తన ముక్క తీసుకుంది. ఆఠీను రాజు. గుర్‌మీత్‌కి అంకె. ఆ వెనక వాళ్ళకి అంకెలు, ఒక బొమ్మ. వెల్కమ్ బే వాళ్ళలో మొదటాయనకి ఏడు వచ్చింది. ఆయన నడుం నిమురుకుని గట్టిగా నవ్వాడు.

భాగ్యమ్మ ఎడమ చెయ్యి చాపింది. నిరుపమ పై ముక్క తీసి అందులో పెట్టింది.

కళావరు ఆసు.

 దామోదర్ నవ్వాడు. ఆపుకోలేక నవ్వాడు. "చూసినవా? ఎవరు కలిపినా అంతే. నేను శని అంటే నమ్మకపోతివి."

మిగతావాళ్ళు కూడా నవ్వుతున్నారు. కొందరు జాలిగా, కొందరు ఇందాకటి ఈల వృథా అయినందుకు.  ఇలా రావచ్చు. సరిగ్గా కలిపిన పేకలో ఎవరికైనా ఏదైనా రావచ్చు. ఇది తప్పు కాదని, మోసం కాదని, అసలు సిసలైన న్యాయం ఒక్కోసారి అచ్చం అన్యాయంలాగే కనబడుతుందని నిరుపమకి తెలుసు. తెలిసి ఏం లాభం? అక్కడ ఎవరికి చెబుతుంది?

భాగ్యమ్మ ముక్క వంక కాదు, నిరుపమ వంక చూస్తోంది. "ఇప్పుడు సక్కగ కలిపినవా బిడ్డా?"

"కలిపాను ఆంటీ."

"అయితే ఇది ఎవలు జేసింది గాదు."

"కాదు."

భాగ్యమ్మ కుడిచేతి గ్లవ్ వేళ్ళు పంటితో పట్టి లాగేసింది. గుడ్డ ముడి విప్పింది. మణికట్టు బొబ్బలెక్కిన రొట్టెలా ఉబ్బి ఉంది. బొటనవేలి మొదట్లో చర్మం నీలంగా బిగిసి మెరుస్తోంది. దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తలేదు. నిరుపమకి కనబడేంత ఎత్తులో పట్టుకుంది.

"మరి ఆ ముచ్చట దీనికెట్ల తెలుస్తది?" అంది.

నవ్వులు ఆగిపోయాయి. మెలే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిరుపమ ఆ చెయ్యి వంక చూస్తూ ఉండిపోయింది. రెండు రోజులుగా ఆమె పోట్లాడింది పేక కోసం. పేక గెలిచింది. ఈ చెయ్యిని అసలు ఆటలోకి ఎవరు దించారన్న మాట ఆమెకి రాలేదు. సరిగ్గా కలపండి అని అరిచింది గానీ, ఈమెకి పంచొద్దని అనలేదు.

నిరుపమ భాగ్యమ్మ వేళ్ళ మధ్యలోంచి ఆసు లాక్కుంది. తన రాజుని ఆమె ఏప్రన్ జేబులో పెట్టింది.

"ముక్క మార్చుకోవద్దు," అన్నాడు దామోదర్. "రూల్ రూలే."

"అయితే నన్ను పంపించేయండి. ఇవాళ ఈ చెయ్యి ఎత్తదు, రేపూ ఎత్తదు. మధ్యాహ్నం ఆంటీని నేను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. పనిలో తగిలిన దెబ్బ అని డాక్టర్ రాసిస్తాడు. అది తెచ్చి మీ చేతిలో పెట్టను, అదిగో, ఆయన చేతిలో పెడతాను." గాజు తలుపు వైపు చెయ్యి చూపించింది. కాఫీ కప్పు మనిషి ఈసారి తలుపు తోసుకుని లోపలికే వస్తున్నాడు.

దామోదర్ ఏదో అనబోయి, వచ్చే మనిషిని చూసి, రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకున్నాడు. "లైన్ స్టార్ట్ చేయాలె, పోండి పోండి," అని అందరి మీదా ఒకేసారి అరిచాడు.

*

బెల్టు చివర నిలబడ్డాక పెట్టెలు వస్తాయని తెలుసు. ఇలా వస్తాయని తెలియదు. ఒకటి ఎత్తి తిరిగేలోగా రెండోది వచ్చి తొక్కుతుంది. మొదటి వరస మోకాళ్ళ కిందికి వంగి పెట్టాలి, చివరి వరస మడమలెత్తి పెట్టాలి. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకునే ఎత్తు లేదు. అట్ట అంచులు గ్లవ్‌లోంచి కూడా కోస్తున్నాయి. పక్కన మెలే, ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్ల, నోరు మూసుకుని పెట్టె తర్వాత పెట్టె ఎత్తుతోంది. అదృష్టం సంగతి ఎత్తలేదు.

నిరుపమకి కోపం తగ్గుతుందనుకుంటే పెరిగింది. ప్రతి పెట్టె దామోదర్ నెత్తిన వేస్తున్నట్టు వేసింది. కొంతసేపటికి దానిక్కూడా ఓపిక లేకుండా పోయింది. ఒకసారి తలెత్తి చూస్తే దూరంగా గ్రేడింగ్ టేబుల్ దగ్గర భాగ్యమ్మ స్టూలు అంచున కూర్చుని, ఎవరైనా లేచిపొమ్మంటారేమో అన్నట్టు, ఎడమ చేత్తో జాగ్రత్తగా ఒక్కో పండునీ తిప్పి చూస్తోంది.

స్మోకో గంట మోగేసరికి నిరుపమ కుడి మణికట్టులో సన్నగా సూది గుచ్చుతున్నట్టు నొప్పి మొదలైంది. బెంచీ దగ్గరికొచ్చి కూలబడింది. నీళ్ళ సీసా మూత తిప్పబోతే జారిపోయింది. భాగ్యమ్మ వచ్చి పక్కన కూర్చుని, సీసాని మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడమ చేత్తో మూత తీసి ఇచ్చింది.

"ఒక్కపూటకే ఇట్లయితివి," అంది. వెక్కిరింపు కాదు, ప్రేమగానే.

"ఇంత బరువుంటుందని తెలీదు ఆంటీ."

"ఎందుకు తెల్వదు? నీకు ఆసు రాలేదా ఎప్పుడూ?"

నిరుపమ నీళ్ళు మింగింది. వెనక్కి వెనక్కి వెళ్ళి చూసుకుంది. రాజు. రాణి. తొమ్మిది. రాణి. తొమ్మిది. "లేదు."

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి కూడా రాలేదు."

భాగ్యమ్మ తల ఊపింది. ఉబ్బిన చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో మెల్లగా రాసుకుంటూ, ఏదో ఇంటి విషయం అడుగుతున్నంత మామూలుగా అడిగింది.

"మరి నీకు అనుమానం రాలేదా బిడ్డా?"

 నిరుపమ సీసా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. గంట మోగింది, ఇద్దరూ లేచారు.